"రిపోర్ట్ రెడీ" అంటే ఎవరికి ఏమిటి? ఆర్కిటెక్చర్ టీమ్ అంతా కలిసి మోడలింగ్ నేర్చుకునే దారి

రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబ్‌కి సాఫ్ట్‌వేర్ రాసే టీమ్‌లో నేను పనిచేసినప్పుడు "రిపోర్ట్ రెడీ" అనే రెండు మాటల దగ్గర మా పని దాదాపు మూడు వారాలు వృథా అయింది. టెక్నీషియన్ దృష్టిలో రిపోర్ట్ రెడీ అంటే మెషీన్ నుంచి రీడింగ్ వచ్చేసిందని. పాథాలజిస్ట్ డాక్టర్ దృష్టిలో అయితే తాను ఆ అంకెలు చూసి సంతకం పెట్టినట్టు. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి బిల్లు బాకీ ఏమీ లేదు, ప్రింట్ తీసి చేతికి ఇచ్చేయొచ్చు అని. మేమేమో డేటాబేస్‌లో స్టేటస్ అని ఒకే ఒక్క కాలమ్ పెట్టి, అందులో రెడీ అని పడగానే పేషెంట్ ఫోన్‌కి మెసేజ్ వెళ్లిపోయేలా కోడ్ రాశాం. టెస్టింగ్ రోజున డాక్టర్ గారు చూసి "నేను సంతకం పెట్టకుండా ఇది బయటికి ఎలా వెళ్తుందండీ?" అని అడిగేదాకా మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. డాక్యుమెంట్ ఉంది, డయాగ్రమ్‌లు ఉన్నాయి, రివ్యూలు కూడా జరిగాయి. ఆ ముగ్గురూ మాతో కలిసి ఒక గదిలో కూర్చోవడం మాత్రం ఒక్కసారి కూడా జరగలేదు.

ఆ తర్వాత నేను నేర్చుకున్నవి, టీమ్‌లకు నేర్పించినవి అన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. కొలాబరేటివ్ మోడలింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ విషయం ఇదే: పని చేసేవాళ్లు, ఆ పనికి కోడ్ రాసేవాళ్లు, టెస్ట్ చేసేవాళ్లు, డబ్బు గురించి నిర్ణయించేవాళ్లు అందరూ ఒకే గోడ ముందు నిలబడి, అసలు పని ఎలా జరుగుతుందో చీటీల మీద రాసి అంటించి, ఎక్కడ ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవట్లేదో కళ్లారా చూడటం. బొమ్మ అందంగా రావడం ముఖ్యం కాదు. గోడ ముందు వచ్చే గొడవ ముఖ్యం, ఎందుకంటే అక్కడ రాని గొడవ ప్రొడక్షన్‌లో, అంటే జనం నిజంగా వాడేటప్పుడు వస్తుంది.

ఏది ముందు, ఏది తర్వాత

ఈ ఆలోచనలకు పునాది 2003లో ఎరిక్ ఎవాన్స్ డొమైన్ డ్రివెన్ డిజైన్ గురించి రాసిన పుస్తకం (డొమైన్ అంటే మనం ఏ పనికి సాఫ్ట్‌వేర్ రాస్తున్నామో ఆ పని, ఆ వ్యాపారం). వ్యాపారం నడిపేవాళ్లు మాట్లాడే మాట, కోడ్‌లో రాసే మాట ఒక్కటే కావాలనీ, ఒక మాటకు ఒక అర్థం ఎంతవరకు చెల్లుతుందో ఆ గీత స్పష్టంగా గీయాలనీ ఆయన చెప్పారు. ఆ గీత లోపలి భాగమే బౌండెడ్ కాంటెక్స్ట్. ఆ మాటల్ని, ఆ గీతల్ని అందరూ కలిసి వెతకడానికి తర్వాత చాలా పద్ధతులు వచ్చాయి: ఇటలీకి చెందిన ఆల్బెర్టో బ్రాండోలినీ 2013లో పరిచయం చేసిన ఈవెంట్‌స్టార్మింగ్, జర్మనీలో స్టెఫాన్ హోఫర్, హెన్నింగ్ ష్వెంట్నర్ అభివృద్ధి చేసిన డొమైన్ స్టోరీటెల్లింగ్, 2015లో మాట్ విన్ పరిచయం చేసిన ఎగ్జాంపుల్ మ్యాపింగ్, ఆడమ్ డిమిట్రుక్ ఈవెంట్ మోడలింగ్, సైమన్ వార్డ్‌లీ మ్యాప్‌లు, ఇంకా ఎన్నో.

అన్నీ ఒకేసారి నేర్చుకోవద్దు. ఒక టీమ్‌కి ఇవేవీ తెలియకపోతే నేను ఈ వరస చెప్తాను: ముందు డొమైన్ స్టోరీటెల్లింగ్, తర్వాత ఈవెంట్‌స్టార్మింగ్, ఆ గోడ మీదే సరిహద్దులు గీయడం, చివర్లో చిన్న చిన్న రూల్స్ కోసం ఎగ్జాంపుల్ మ్యాపింగ్. చాలామంది నేరుగా ఈవెంట్‌స్టార్మింగ్‌తో మొదలుపెడతారు, పేరు ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి. కానీ పదిమంది ఒకేసారి గోడ మీద పడే ఆ గందరగోళాన్ని నడపడానికి కాస్త అలవాటు కావాలి. స్టోరీటెల్లింగ్‌లో ఒకరు చెప్తుంటే ఒకరు గీస్తారు, అది నెమ్మదిగా సాగుతుంది, కొత్తవాళ్లకు భయం పోతుంది.

గది, మనుషులు, సామాన్లు

సామాన్ల ఖర్చు పెద్దగా ఉండదు. స్టేషనరీ షాపులో దొరికే బ్రౌన్ పేపర్ రోల్ (చార్టులు వరసగా అతికించినా సరే), మాస్కింగ్ టేప్, నారింజ, నీలం, పసుపు, గులాబీ, ఆకుపచ్చ, వంగపండు రంగుల్లో స్టిక్కీ నోట్స్, మనిషికొక మార్కర్. బాల్ పెన్ వద్దు, రెండడుగుల దూరం నుంచి కనిపించదు. మార్కర్‌తో రాస్తే చీటీ మీద నాలుగైదు మాటలే పడతాయి, అదే మనకు కావాలి. గోడ కనీసం ఐదారు మీటర్లు ఖాళీగా ఉండాలి. కాన్ఫరెన్స్ రూమ్ మధ్యలో పెద్ద బల్ల ఉంటే దాన్ని పక్కకు తోసేయండి, కుర్చీలు కూడా తీసేయండి, ఎందుకంటే కూర్చున్న మనిషి ప్రేక్షకుడైపోతాడు.

మనుషుల సంగతి ఇంతకంటే కష్టం. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు, అందులో కనీసం సగం మంది కోడ్ రాయనివాళ్లు కావాలి. "మా తరఫున మేనేజర్ వస్తారు" అని అవతలివాళ్లు అంటారు, ఒప్పుకోవద్దు. మేనేజర్‌కి పని ఎలా జరగాలో తెలుసు, ఇళ్లకు వెళ్లి రక్తం తీసే కుర్రాడికి అది ఎలా జరుగుతుందో తెలుసు. మనకు ఇద్దరూ కావాలి, ఒక్కరే రాగలిగితే ఆ కుర్రాడు.

మన ఆఫీసుల్లో ఇంకో సంగతి ఉంది, ఇది ఏ గైడ్‌లోనూ నాకు కనిపించలేదు. పెద్దాయన ఒక మాట అన్నాక గదిలో ఎవరూ నోరు విప్పరు. "సార్ చెప్పారు కదా" అని ఊరుకుంటారు, తప్పని తెలిసినా సరే. అందుకని నేను ముందు రోజే ఆ సార్‌తో విడిగా మాట్లాడతాను: "సార్, మొదటి అరగంట మీరు చీటీలు రాయండి, మాట్లాడకండి, మీరు మాట్లాడితే మిగతావాళ్లు ఆగిపోతారు." ఇలా గౌరవంగా అడిగితే కాదన్నవాళ్లు నాకు ఇప్పటిదాకా తగల్లేదు. పైగా అందరూ ఒకేసారి మౌనంగా రాస్తారు కాబట్టి జూనియర్ రాసిన చీటీ, సార్ రాసిన చీటీ గోడ మీద ఒకేలా ఉంటాయి.

భాష కూడా ముందే తేల్చండి. చీటీల మీద ఇంగ్లీషే రాయాలని ఎవరూ అనకపోయినా అందరూ అదే అనుకుంటారు, దాంతో ఇంగ్లీషు తడుముకునేవాళ్లు వెనక్కి తగ్గుతారు. తెలుగులో రాయొచ్చని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా పర్వాలేదని మొదటే చెప్పి, ముందు మీరే ఒకటి రాసి అంటించండి.

మొదటి అడుగు: అందరికీ తెలిసిన కథతో చేయి అలవాటు చేసుకోండి

నేరుగా ప్రాజెక్ట్ మీదకు వెళ్లొద్దు. ఒక గంట తీసుకుని గ్యాస్ సిలిండర్ బుకింగ్ మోడల్ చేయండి. ఫోన్ చేసినప్పటి నుంచి ఖాళీ సిలిండర్ తీసుకెళ్లేదాకా. ఇది అందరి ఇళ్లలో జరిగేదే కాబట్టి ప్రతివాళ్లూ ఈ విషయంలో అనుభవం ఉన్నవాళ్లే. చూస్తుండగానే వాదన మొదలవుతుంది. ఒకరింట్లో ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్తేనే సిలిండర్ ఇచ్చారంటారు, ఇంకొకరు మా దగ్గర ఎప్పుడూ అడగలేదంటారు, బుకింగ్ అంటే ఫోన్ చేయడమా, డబ్బు కట్టడమా అని మూడోవారు అడుగుతారు. ఆ వాదనే పాఠం. అందరికీ తెలుసనుకున్న పనిలో ఇన్ని తేడాలుంటే మనకు సగమే తెలిసిన వ్యాపారంలో ఎన్ని ఉంటాయో టీమ్‌కి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

రెండో అడుగు: డొమైన్ స్టోరీటెల్లింగ్

ఇందులో గుర్తులు మూడే. పని చేసే మనిషి లేదా సిస్టమ్ (యాక్టర్), చేతులు మారే వస్తువు (వర్క్ ఆబ్జెక్ట్), రెంటినీ కలిపే బాణం. బాణం మీద చేసిన పని రాసి వరస నంబర్ వేస్తారు. వైట్‌బోర్డ్ చాలు, లేదంటే బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే ఎగాన్ డాట్ ఐఓ అనే టూల్ ఉంది.

ల్యాబ్ కథ ఇలా మొదలవుతుంది: 1, కస్టమర్ యాప్‌లో టెస్ట్ బుక్ చేస్తారు. 2, కాల్ సెంటర్ అమ్మాయి ఆ బుకింగ్‌ని ఏరియా ప్రకారం శాంపిల్ తీసే అబ్బాయికి ఇస్తుంది. 3, ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి రక్తం తీసి ట్యూబ్‌కి బార్‌కోడ్ అంటిస్తాడు. ఇలా సాగుతుంది. గీసేవాళ్లు ప్రతి వాక్యాన్నీ గీస్తూ బిగ్గరగా తిరిగి చదవాలి. "అంటే బార్‌కోడ్ ఇంట్లోనే అంటిస్తాడు, ల్యాబ్‌కి వచ్చాక కాదు, అంతేనా?" అని అడిగితే చెప్పేవాళ్లు ఒక్క క్షణం ఆగి "మామూలుగా ఇంట్లోనే, కానీ ప్రింటర్ పనిచేయకపోతే పెన్‌తో పేరు రాసుకుని వస్తాడు" అంటారు. చూశారా, ఏ డాక్యుమెంట్‌లోనూ లేని సంగతి అలా బయటపడుతుంది.

ఇక్కడ ఒక నియమం గట్టిగా పాటించండి: కథలో "ఒకవేళ" ఉండకూడదు. ప్రింటర్ పాడైన కథ వేరే కథ, దాన్ని పక్కన పేరుతో రాసి పెట్టుకుని తర్వాత విడిగా గీయండి. ఒకే బొమ్మలో అన్ని కొమ్మలూ పెడితే అది ఫ్లోచార్ట్ అయిపోతుంది, ఇక కథ చెప్పేవాళ్లు దాన్ని చదవలేరు. అలాగే కథ మొదలుపెట్టేముందే రెండు విషయాలు తేల్చుకోండి: ఇవాళ జరుగుతున్న పద్ధతి గీస్తున్నామా, రేపు జరగాల్సిన పద్ధతి గీస్తున్నామా, సాఫ్ట్‌వేర్ పేర్లు కథలో రావాలా వద్దా. నా అనుభవంలో మొదటి రెండు కథలు ఇవాళ్టి పద్ధతి మీద, సాఫ్ట్‌వేర్ లేకుండా గీస్తేనే పని అసలు రూపం తెలుస్తుంది. ఒక్కో కథకి గంట, గంటన్నర పడుతుంది. మూడు నాలుగు కథలయ్యాక ముందుకు కదలండి.

మూడో అడుగు: ఈవెంట్‌స్టార్మింగ్

దీనికి కనీసం సగం రోజు పెట్టుకోండి. గోడకి కాగితం పరిచి ఒక్కటే చెప్పండి: ఈ వ్యాపారంలో జరిగే ముఖ్యమైన సంఘటనల్ని నారింజ చీటీ మీద, జరిగిపోయినట్టుగా రాయండి.

"శాంపిల్ కలెక్షన్" అని రాస్తే అది ఈవెంట్ కాదు, అది ఒక పని పేరు, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో తెలియదు. "శాంపిల్ తీశారు", "శాంపిల్ ల్యాబ్‌కి చేరింది", "శాంపిల్ తిరస్కరించారు" ఇవి ఈవెంట్లు. ఇక్కడ తెలుగు మనకు నిజంగా సాయపడుతుంది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, కాబట్టి చీటీ చివరి మాట చూస్తే చాలు, అది జరిగిపోయిందా, జరుగుతోందా, వట్టి పేరేనా తెలిసిపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది: "బుకింగ్ రద్దయింది" అన్నదానికీ "బుకింగ్ రద్దు చేశారు" అన్నదానికీ మనం మాట్లాడేటప్పుడే తేడా చూపిస్తాం. రెండోదాంట్లో ఎవరో ఒక మనిషి నిర్ణయం తీసుకున్నారు. మొదటిదాంట్లో ఏదో రూల్ ప్రకారమో, గడువు దాటిపోయో అదంతట అది జరిగింది. గోడ మీద ఎవరైనా "రద్దయింది" అని రాస్తే "దానంతటదే అయిందా, ఎవరైనా చేశారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఆటోమేటిక్ రూల్స్ ఎక్కడున్నాయో, మనిషి నిర్ణయాలు ఎక్కడున్నాయో విడిపోతాయి.

మొదటి ఇరవై ముప్పై నిమిషాలు అందరూ మౌనంగా రాసి ఎవరికి తోచిన చోట వాళ్లు అంటిస్తారు. గందరగోళంగా ఉంటుంది, ఉండనివ్వండి. ఒకే సంఘటన నాలుగు చీటీల మీద నాలుగు మాటల్లో వస్తుంది, వాటిని తీసేయొద్దు, పక్కపక్కన పెట్టండి. అవి నిజంగా ఒకే సంఘటనా కాదా అన్నది తర్వాత తేలుతుంది. మా "రిపోర్ట్ రెడీ" కథ గోడ ముందు జరిగి ఉంటే ఇక్కడే దొరికిపోయేది.

తర్వాత కాలక్రమం. ఎడమ నుంచి కుడికి, ముందు జరిగింది ముందు. అసలు మాటలన్నీ ఈ దశలోనే వస్తాయి. చీటీలు జరుపుతూ జనం వాదించుకుంటారు. రెండు మూడు నిమిషాల్లో తేలకపోతే మెరిసే గులాబీ రంగు చీటీ మీద ఆ ప్రశ్న రాసి అక్కడే అంటించి ముందుకు వెళ్లండి. దీన్ని హాట్‌స్పాట్ అంటారు. దాన్ని అక్కడికక్కడే పరిష్కరించాలని చూడొద్దు, టైమ్ అంతా అక్కడే పోతుంది. రోజు చివర్లో ఎక్కువ హాట్‌స్పాట్‌లు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూస్తే ప్రాజెక్ట్‌లో రిస్క్ ఎక్కడుందో ఏ రిపోర్టూ లేకుండా కనిపిస్తుంది.

వరస కుదిరాక పసుపు చిన్న చీటీల మీద మనుషుల్ని, లేత గులాబీ పెద్ద చీటీల మీద బయటి సిస్టమ్‌లను చేర్చండి: పేమెంట్ గేట్‌వే, ఎనలైజర్ మెషీన్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్. "తీశారు" అంటే ఎవరు తీశారు? తెలుగులో కర్త చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది కదా, అందుకే పసుపు చీటీలు మనకు మరీ అవసరం.

ఇప్పుడు ఒకరు ఎడమ చివర నుంచి కథ మొత్తం బిగ్గరగా చెప్పాలి, మిగతావాళ్లు ఆపి ప్రశ్నించాలి. అది అయ్యాక చాలామంది వదిలేసే దశ ఒకటుంది, మీరు వదలకండి: కుడి చివర నుంచి వెనక్కి నడవడం. "రిపోర్ట్ పేషెంట్‌కి చేరింది" అనే చీటీ ముందు నిలబడి "ఇది జరగాలంటే అంతకుముందు తప్పకుండా ఏం జరిగి ఉండాలి?" అని అడగండి. సంతకం పెట్టి ఉండాలి. సంతకం పెట్టాలంటే? రీడింగ్ సరిగా ఉండాలి. సరిగా ఉందని ఎలా తెలుస్తుంది? అప్పుడు డాక్టర్ గారు చెప్తారు: రక్తకణాలు పగిలిపోయిన శాంపిల్‌లో పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అలాంటిది వస్తే మళ్లీ శాంపిల్ తీయమంటాం. గోడ మీద "మళ్లీ శాంపిల్ తీశారు" అనే చీటీ ఉండదు. డబ్బు మళ్లీ తీసుకుంటారా, ఎవరు ఫోన్ చేసి చెప్తారు, పాత బార్‌కోడ్ ఏమవుతుంది? అక్కడ ఒక్కసారిగా ఆరేడు కొత్త చీటీలు పుడతాయి. అలాగే రీడింగ్ ప్రాణాపాయం సూచించేలా ఉంటే రిపోర్ట్ కోసం ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేస్తారన్నది కూడా ఇలా వెనక్కి నడిచినప్పుడే బయటికొస్తుంది, ఎందుకంటే ముందుకు కథ చెప్పేటప్పుడు అందరూ అన్నీ సవ్యంగా జరిగిన రోజు గురించే చెప్తారు.

ఇదంతా పెద్ద బొమ్మ స్థాయి. డిజైన్ స్థాయికి దిగాలనుకుంటే ఇంకో రోజు, తక్కువ మందితో, గోడలో ఒక ముక్క మాత్రమే తీసుకుని చేయండి. అప్పుడు నీలం చీటీ మీద ఆదేశం ("శాంపిల్ తిరస్కరించు"), వంగపండు రంగు మీద రూల్ ("తిరస్కరించినప్పుడల్లా పేషెంట్‌కి ఫోన్ చేయాలి"), ఆకుపచ్చ మీద ఆ నిర్ణయం తీసుకోవడానికి తెర మీద కనపడాల్సిన సమాచారం చేరుతాయి. మొదటి రోజే ఈ రంగులన్నీ తెస్తే పని తెలిసినవాళ్లు రంగుల నియమాలు గుర్తుపెట్టుకోలేక మాట్లాడటం మానేస్తారు.

నాలుగో అడుగు: సరిహద్దులు

ఆర్కిటెక్ట్‌కి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కాగితం మీద ఎక్కడ నిలువుగా గీత గీయాలి? మైక్రోసర్వీస్‌లు (విడివిడిగా నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కలు) ఎన్ని అని ముందే లెక్కేసుకుని రావద్దు. గోడ చెప్తుంది.

అన్నిటికంటే నమ్మకమైన గుర్తు, మాట అర్థం మారే చోటు. మా గోడ మీద "కస్టమర్" అనే మాట అలా పగిలింది. డల్లాస్‌లో ఉన్న కొడుకు, విజయవాడలో ఉన్న అమ్మకి హెల్త్ చెకప్ బుక్ చేస్తాడు. డబ్బు కట్టింది కొడుకు, రక్తం ఇచ్చింది అమ్మ, రిపోర్ట్ ఎవరికి పంపాలి? శాంపిల్ తీయడానికి వచ్చిన అబ్బాయి ఇంటి ముందు నిలబడి ఫోన్ చేస్తే ఎవరికి మోగాలి? అక్కడ రాత్రి రెండింటికి కొడుకు ఫోన్ మోగడంలో అర్థం లేదు. మేము ఒక్క కస్టమర్ టేబుల్ అనుకున్నది బుక్ చేసినవారు, పరీక్ష చేయించుకున్నవారు, రిపోర్ట్ అందుకునేవారు అని మూడుగా విడిపోయింది. బుకింగ్ లోపల మొదటివారే ముఖ్యం. ల్యాబ్ లోపల రెండోవారు మాత్రమే, అక్కడ పేరు కంటే వయసు, ఆడా మగా అన్నదే ఎక్కువ అవసరం, ఎందుకంటే నార్మల్ రేంజ్ దాన్ని బట్టి మారుతుంది. ఈ చర్చ జరిగాక గీతలు ఎక్కడ పడాలో ఎవరూ వాదించలేదు.

మాట ఒక్కటే కాదు, ఇంకొన్ని చోట్ల కూడా చూడండి. బాధ్యత ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే ఈవెంట్ ("శాంపిల్ ల్యాబ్‌లో అందింది") దాదాపు ఎప్పుడూ సరిహద్దే. పని వేగం మారే చోటు కూడా అంతే: బుకింగ్ నిమిషాల్లో మారుతుంది, బిల్లింగ్ నెలాఖరుకి ఒకసారి సర్దుకుంటుంది, రెంటినీ ఒకే ముద్దగా కడితే ఒకదాని మార్పు రెండోదాన్ని ఆపేస్తుంది.

గీతలు గీశాక వాటి మధ్య సంబంధాలు రాయండి, దీన్నే కాంటెక్స్ట్ మ్యాప్ అంటారు. ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారు? వాళ్లు మారితే వీళ్లకు ముందే చెప్తారా? బయటి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ పదజాలం మన కోడ్‌లోకి పాకకుండా మధ్యలో అనువాద పొర (యాంటీ కరప్షన్ లేయర్) పెట్టాలా, లేక వాళ్ల పద్ధతే పూర్తిగా ఒప్పుకోవాలా? ఈ నిర్ణయాల్లో సగం టెక్నికల్ కాదు, టీమ్‌ల మధ్య ఉండే సఖ్యతను బట్టి ఉంటాయి. ఒక సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అదే ఆకారంలో వస్తుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. కాబట్టి గోడ మీద గీత పడిన చోటే టీమ్‌ల మధ్య కూడా గీత ఉండేలా చూసుకోండి. అది మీ చేతిలో లేకపోతే, కనీసం ఎక్కడ సరిపోవట్లేదో హాట్‌స్పాట్‌గా రాసి పైవాళ్లకు చూపించండి.

ఐదో అడుగు: ఎగ్జాంపుల్ మ్యాపింగ్

పెద్ద బొమ్మ ఉంది, గీతలున్నాయి. ఇప్పుడు వచ్చే రెండు వారాల్లో కోడ్ రాయాల్సిన ఒక చిన్న పని తీసుకోండి. ఒక డెవలపర్, ఒక టెస్టర్, పని తెలిసిన ఒకరు, ఇరవై ఐదు నిమిషాలు. పసుపు కార్డు మీద కథ (ఇక్కడ కథ అంటే ఆ చిన్న పనే) పేరు, నీలం మీద రూల్స్, ప్రతి రూల్ కింద ఆకుపచ్చ మీద ఉదాహరణలు, ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న వస్తే ఎరుపు. రంగుల అర్థాలు ఈవెంట్‌స్టార్మింగ్‌కి వేరు, కాబట్టి అది వేరు, ఇది వేరని ముందే చెప్పండి.

షుగర్ టెస్ట్ తీసుకుందాం. పసుపు: ఫాస్టింగ్, పీపీ రెండూ బుక్ చేసినప్పుడు శాంపిల్ టైమ్‌లు. నీలం: తిన్న రెండు గంటలకు పీపీ శాంపిల్ తీయాలి. ఇప్పుడు ఆకుపచ్చ: సుబ్బమ్మ గారు 7:30కి ఫాస్టింగ్ ఇచ్చి 8:00కి ఇడ్లీ తిన్నారు, అబ్బాయి 10:00కి మళ్లీ వచ్చాడు. ఇది తేలిక. ఇంకోటి: ఫాస్టింగ్ ఇచ్చాక పూజ ఉందని 9:30 దాకా తినలేదు, అబ్బాయి 10:00కే వచ్చేశాడు. ఇప్పుడేం చేయాలి? రెండు గంటలు తినడం మొదలుపెట్టినప్పటి నుంచా, ముగించినప్పటి నుంచా? తిన్న టైమ్ ఎవరు నమోదు చేస్తారు? ఎరుపు కార్డు, ఎరుపు కార్డు. ఉదాహరణలో మనుషులు, అంకెలు, ఇడ్లీ ఉండాలి. "యూజర్ ఆలస్యంగా తిన్నప్పుడు" అని రాస్తే అది ఇంకో రూల్ అవుతుందే తప్ప ఉదాహరణ కాదు.

టైమ్ అయ్యేసరికి ఎరుపు కార్డులు ఎక్కువుంటే ఆ పనిని ఈ స్ప్రింట్‌లోకి (ఈ రెండు వారాల పనిలోకి) తీసుకోవద్దు, ముందు జవాబులు తెచ్చుకోండి. నీలం కార్డులు ఏడెనిమిది ఉంటే కథ పెద్దదైంది, ముక్కలు చేయండి. ఆకుపచ్చ కార్డులు దాదాపు అలాగే ఆటోమేటెడ్ టెస్టులుగా మారతాయి.

ఆరో అడుగు: గోడ నుంచి కోడ్‌లోకి

ఇక్కడే ఎక్కువ టీమ్‌లు జారిపోతాయి. వర్క్‌షాప్ బాగా జరిగింది, ఫొటోలు గ్రూప్‌లో పెట్టారు, సోమవారం అందరూ పాత పద్ధతికే వెళ్లిపోయారు. అలా కాకుండా ఉండాలంటే రెండు రోజుల్లోపు మూడు పనులు చేయండి. గోడ మీద తేలిన మాటల్ని, వాటి అర్థాల్ని ఏ సరిహద్దు లోపల చెల్లుతాయో రాసి, కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఒక ఫైల్‌గా పెట్టండి. ప్రతి హాట్‌స్పాట్‌కి ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయండి. తీసుకున్న ప్రతి పెద్ద నిర్ణయాన్నీ ఒక్క పేజీలో, ఏ పరిస్థితిలో తీసుకున్నాం, ఏం నిర్ణయించాం, దాని ఫలితాలు ఏమిటి అని రాసి పెట్టుకోండి. దీన్ని ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) అంటారు, 2011లో మైకేల్ నైగార్డ్ చెప్పిన ఈ చిన్న పద్ధతి ఇప్పటికీ నాకు అన్నిటికంటే ఉపయోగంగా ఉంది. బయటివాళ్లకు చూపించే డయాగ్రమ్ కావాలంటే సాఫ్ట్‌వేర్‌ని నాలుగు స్థాయిల్లో గీసే సైమన్ బ్రౌన్ సీ4 మోడల్‌లో మొదటి రెండు స్థాయిలు, అంటే కాంటెక్స్ట్ (సిస్టమ్ చుట్టూ ఎవరున్నారు), కంటైనర్ (లోపల విడిగా నడిచే పెద్ద భాగాలు) గీస్తే చాలు.

మా కోడ్‌లో స్టేటస్ అనే ఆ ఒక్క కాలమ్ పోయింది. దాని బదులు రీడింగ్ వచ్చింది, సంతకం అయింది, బాకీ తీరింది అని మూడు వేరువేరు ఈవెంట్లు వచ్చాయి, మూడూ మూడు సరిహద్దుల్లో. పేషెంట్‌కి మెసేజ్ పంపే రూల్ చివరి రెండూ జరిగాకే పనిచేస్తుంది. కోడ్‌లో ఫంక్షన్ పేరు చదివి డాక్టర్ గారికి అర్థమైంది.

నేర్చుకోవడానికి ఎంత కాలం, ఆన్‌లైన్‌లో ఎలా

వారానికి రెండు గంటలు పెడితే రెండు నెలల్లో టీమ్‌కి చేయి తిరుగుతుంది. మొదటి వారం గ్యాస్ సిలిండర్, తర్వాత రెండు వారాలు స్టోరీటెల్లింగ్, నాలుగో వారంలో మాత్రం సగం రోజు పెద్ద గోడ, ఐదు, ఆరు వారాల్లో సరిహద్దులు, ఆ తర్వాత ప్రతి స్ప్రింట్‌లో ఎగ్జాంపుల్ మ్యాపింగ్. ప్రతిసారీ నడిపించే మనిషి మారాలి. ఆర్కిటెక్టే ఎప్పుడూ నడిపితే అది ఆయన మోడల్ అవుతుంది. పైగా నడిపేటప్పుడు తన అభిప్రాయం చెప్పకూడదు, చెప్పాలనిపిస్తే మార్కర్ వేరేవాళ్లకి ఇచ్చి చెప్పాలి.

హైదరాబాద్‌లో సగం, అమెరికాలో సగం ఉన్న టీమ్ అయితే మీరో (Miro), మ్యూరల్ (Mural) లాంటి ఆన్‌లైన్ బోర్డులు వాడొచ్చు. కానీ ఒకే సెషన్ గంటన్నర దాటనివ్వకండి, నాలుగు గంటల గోడని మూడు రోజులుగా విడగొట్టండి, కొందరు గదిలో కొందరు తెర మీద ఉండే పద్ధతి వద్దు. గదిలో ఉన్నవాళ్లు కూడా ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వాళ్లే చేరాలి, లేకపోతే తెర మీద ఉన్నవాళ్ల మాట ఎవరికీ వినపడదు. ముందుగా అయిదు నిమిషాలు ప్రతివాళ్లూ ఒక చీటీ పెట్టి తమ ఊరి పేరు రాసేలా చేయండి. బోర్డు వాడటం ఆ అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది.

గోడ మీది కాగితం మాత్రం చింపి పారేయకండి. తేదీ వేసి, చుట్టి, మూలన నిలబెట్టండి. మూడు నెలలకు కొత్త ఫీచర్ అడిగినప్పుడు అదే కాగితం మళ్లీ పరిచి, ఆ ఫీచర్ ఏ ఈవెంట్ పక్కన వస్తుందో ముందు చూడండి. ల్యాబ్ వాళ్లు కుటుంబం మొత్తానికి ప్యాకేజీ కావాలన్నప్పుడు మేము అలాగే పరిచాం. ఇళ్లకు వెళ్లి రక్తం తీసే అబ్బాయి ముందుకొచ్చి, మేమెవరం అడగకుండానే నారింజ చీటీ మీద "ఒకే ఇంట్లో నలుగురి శాంపిల్స్ తీశారు" అని రాసి, పక్కనే గులాబీ చీటీ పెట్టాడు: "బార్‌కోడ్‌లు తారుమారైతే?"